కాడి కట్టకముందు

మా ముత్తాత మూడు ఊళ్ళకు మునసబు. మా తాత ఎడ్లు బండ లాగడానికి వస్తున్నాయంటే బరి చుట్టూ కూర్చున్నవాళ్ళు లేచి దారి ఇచ్చేవారు. మా నాన్న హయాంలో పొలం పోయింది. నా చేతికి వచ్చేసరికి మిగిలింది ఒక్క ఒంగోలు జత. అదీ అమ్ముకోక తప్పేట్టు లేదు.

మొన్న వేసవిలో బెజవాడ దగ్గర ఒక ఊరి తిరునాళ్ళ పందేనికి ఆ జతను తీసుకెళ్ళాను. పదిహేను నిమిషాల్లో బండను ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. గుంటూరు వైపు రైతు ఒకాయన ముందే చెప్పాడు.

"ఇవాళ లాగుడు చూసి రెండిట్నీ కొంటానండీ. విడగొట్టను."

అవి దూడలప్పటి నుంచి ఒకే కాడి కింద పెరిగాయి. నాకు కావలసింది ఆ మాటే.

పొద్దున తీసిన చీటీల్లో మాది ఆఖరి వంతు. జనం పందేలు కూడా అప్పుడే కాసేశారు. మిగతా జతలన్నీ పొడినేల మీద లాగాయి. మా వంతు వచ్చేసరికి, దుమ్ము లేస్తోందని కమిటీవాళ్ళు ట్యాంకరు తెప్పించి బరంతా తడిపేశారు. నల్లరేగడి. అందులో గిట్ట నిలవదు, బండ అడుగున మట్టి పట్టేస్తుంది.

మా వైపు ఒక కట్టుబాటు ఉంది. కాడి కట్టకముందే యజమాని నేల మారిందని చెప్పి తప్పుకుంటే, ఆ జత మీద కాసినవన్నీ తిరిగి ఇచ్చెయ్యాలి. కాడి కట్టాక ఎవరూ నోరెత్తకూడదు.

బెజవాడ వన్ టౌన్ బట్టల కొట్టులో గుమాస్తా, పెద్దాయన, నా పక్కకు వచ్చాడు.

"మీ తాతగారి ఎడ్ల మీద మా నాన్న కాసేవాడండీ. ఆ పేరు చూసే నేనూ కాశాను. కానీ నేను కాసింది పొడినేల మీద కదండీ?"

మా ఇంటి జత బరిదాకా వచ్చి వెనక్కి తిరిగింది లేదు.

"ఇంకా ఆలోచనేంటండీ, కట్టండి!" అని మైకులో కేక.

"బాబుగారి ఎడ్లకి పారాణి పెట్టారంట్రా, బురదలో దిగవు!" ఎవడో అరిచాడు. జనం నవ్వారు.

గుంటూరు రైతు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. పెద్దాయన తువ్వాలు చేతికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

కాడి ఎద్దు మెడకు ఆనబోతుండగా పట్టుకుని ఆపాను.

"నేల మారింది. మా జత దిగదు."

ఈలలు వేశారు. పందేలు మాత్రం తిరిగి ఇచ్చారు. పెద్దాయన దణ్ణం పెట్టబోతే వద్దన్నాను.

"లాగుడు చూడకుండా ఎట్టా కొంటానండీ?" అని రైతు వెళ్ళిపోయాడు. ఆయన మాటా న్యాయమే.

ఆ నెలలోనే ఎడ్లను అమ్మాను. ఒకటి గన్నవరం వైపు వెళ్ళింది, ఒకటి దివిసీమకు.