పదో రోజున చూసిన దవడ

మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు కింది పళ్లు పైపళ్లకు ముందు ఉండేవి. నోరు మూస్తే కింది పెదవి కిందున్న గదవ ముందుకు పొడుచుకొచ్చేది. జొన్నరొట్టె కొరకలేక పక్కపళ్లతో చింపుకునేది. మా ఊళ్లో హోట్గి రోడ్‌లో మరాఠీ పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతే, ఎముక లేతగా ఉన్నప్పుడే పైదవడను ముందుకు లాగాలని చెప్పి, నుదురుకూ గదవకూ ఆనుకునే చట్రం ఒకటి ఇచ్చింది. దాని రబ్బర్లను నోట్లో పెట్టిన కొక్కేలకు తగిలించాలి.

ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని ఆమె ఆ రోజే మరాఠీలో అడిగింది. మా వైపు లేదన్నాను. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయన మాట మీద నాకు అనుమానం ఎందుకొస్తుంది?

పొద్దంతా సాంచాల మీద తువ్వాళ్లు నేసే మనిషి, కూతురికి ఏనాడూ జడ వేయనివాడు, ఆ రబ్బర్లను మాత్రం నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. సాయంత్రం కాగానే దూది అంటిన చేతులు కడుక్కుని పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. వాడలోని పిల్లలు గుమ్మంలో చేరి సినిమా చూసినట్టు చూసేవారు. నేను తరిమేదాన్ని. ఏడాది తిరిగేసరికి పైపళ్లు ముందుకొచ్చాయి. కొంతం చౌక్‌లో ఫోటో తీయించి గోడకు తగిలించాను.

కింది దవడ అన్నిటికన్నా చివర్లో పెరుగుతుందనీ, పిల్ల ఎత్తు పెరగడం ఆగేదాకా చూపిస్తూ ఉండమనీ డాక్టరమ్మ చెప్పింది. చూపించాం. ప్రతిసారీ బాగుందనే అంది. నా బెంగ తీరిపోయింది. తర్వాత మా మామ మంచాన పడ్డాడు, ఆ ఏడాది వెళ్లడం కుదరలేదు.

మామ పోయాడు. పదో రోజున కొడుకు తల, గడ్డం, మీసం అన్నీ తీయించుకోవాలి. మా ఆయనకు పెళ్లికి ముందునుంచీ గుబురు గడ్డం, పెదవుల మీదికి దిగిన మీసం. నవ్వొస్తే భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఎంత సిగ్గరి మొగుడు దొరికాడో అని మురిసిపోయాను కూడా.

కర్మ ముగించుకుని వచ్చి ఆయన వాకిట్లో నిలబడితే, కాళ్లకు నీళ్లు ఇవ్వబోయి ముఖం చూశాను. చెంబు చేతిలోనే ఉండిపోయింది. గదవ ముందుకొచ్చి ఉంది. కింది పళ్లు పైపళ్లను దాటి ఉన్నాయి. ఎనిమిదేళ్ల నా కూతురి ముఖమే, బోడిగుండుతో. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి ముఖాన్ని నేను అప్పుడే మొదటిసారి చూశాను.

చుట్టాలు వెళ్లేదాకా నోరు నొక్కుకున్నాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు.

"డాక్టరమ్మ అడిగిననాడు లేదని ఎందుకన్నవ్?"

"మా తాతకు గూడ గిట్లనే ఉండెనట," అన్నాడు నేల చూస్తూ. "ఇస్కూల్ల నన్ను గదవోడు, గదవోడు అనేటోళ్లు. బిడ్డ ముంగట చెప్పనీకి నోరు రాలే."

దినాలు అయిపోగానే ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె ముందు చూసింది ఆయన ముఖాన్ని. తర్వాత పిల్లకు ఎక్స్‌రే తీసింది. పదిహేనేళ్లు నిండిన పిల్లకు పైపళ్లూ కింది పళ్లూ అంచుకు అంచు తగులుతున్నాయట. కింది దవడ మళ్లీ ముందుకు కదిలిందట.

"అప్పుడు చెప్పినా అదే వైద్యం చేసేదాన్ని," అంది. "కానీ వంశంలో ఉన్న దవడ ఎదిగే వయసులో తిరిగి రావచ్చని, సరిచేసింది నిలవకపోవచ్చని అప్పుడే చెప్పేదాన్ని. ఎదుగుదల ఆగాక చూద్దాం. అవసరమైతే ఆపరేషన్."

ఇంటికొచ్చాక ఆయన పిల్ల పక్కన కూర్చుని తల నిమిరాడు.

"ఏం గాదు బిడ్డా. నేను ఇన్నేండ్లు బతకలేదా? ఎవ్వలకన్న తెలిసిందా?"

పిల్ల గొంతు పెంచలేదు.

"నీకు గడ్డం మీసం ఉండె బాపూ. నాకేమున్నది?"