పోయొస్తా అనాల

మా వీధిలో గుల్జార్ బీ నోటికి జంకని వాళ్లు లేరు. అంగడివాణ్ణి కాబట్టి నాకు రెండు పూటలా తప్పదు.

ఏటా చలికాలం స్వెటర్లు అమ్మడానికి టిబెట్ కాందిశీకులు కర్ణాటకలోని తమ క్యాంపుల నుంచి మా కర్నూలుకు వస్తారు. అంగట్లో రోజంతా కూర్చోలేని ముసలివాళ్ల కోసం వాళ్ల సంఘం గుల్జార్ బీ ఇంటి ముందుగది బాడుగకు తీసుకుంది. పగలంతా అక్కడ నడుం వాలుస్తారు, జపమాల తిప్పుతారు, నర్సమ్మ వచ్చి బీపీ చూసిపోతుంది. తాళం తీయడం వరకే గుల్జార్ బీ పని. మాత్రలు మింగించడం, గంజి కాచడం, తిట్టడం తనంతట తానే నెత్తికెత్తుకుంది. "టీలో ఉప్పేంది తల్లీ, అదేమన్నా పప్పా?" అంటూనే వాళ్ల అలవాటు ప్రకారం ఉప్పు వేసి ఇస్తుంది.

వాళ్లలో పేమా అంటే ఆమెకు ప్రాణం. పసితనంలో కొండలు దాటి వచ్చిన మనిషి పేమా. బేరాలాడుతూ తెలుగు నేర్చుకుంది. తనకన్నా చిన్నదైనా గుల్జార్ బీని అక్కా అనే పిలుస్తుంది.

మొన్నటి చలికాలం పేమాకు జ్వరం వచ్చింది. అది తగ్గీ తగ్గకముందే ఒక మధ్యాహ్నం, "అక్కా, నేను పోతా" అంది. పొయ్యి దగ్గరున్న గుల్జార్ బీ బయటికొచ్చేసరికి మనిషి లేదు. ఫోను చాప మీదే ఉంది.

మా వైపు ఇల్లు కదిలేవాళ్లు ఎవరూ పోతా అనరు. పోయొస్తా అంటారు. ఉత్త పోతా అంటే ఇక తిరిగి రాని పోవడమే.

"ఏమప్పా, అంగడి మూయ్! పేమమ్మ పోతానని చెప్పి పోయింది. జరం మనిషి, ఏం చేసుకుంటాదో ఏమో!" అంటూ పరిగెత్తుకొచ్చింది గుల్జార్ బీ. నవ్వబోయాను గానీ ఆమె ముఖం చూసి అంగడి మూసేశాను. స్కూటర్ మీద తుంగభద్ర ఒడ్డంతా వెతికాం. స్వెటర్ల అంగళ్లలో అడిగాం. ఎక్కడా లేదు. తిరిగొస్తుంటే దారి పొడుగునా గుల్జార్ బీ నోట మాట లేదు. దాంతో నాకు మరీ భయమేసింది.

వచ్చి చూస్తే, పేమా గడప మీద కూర్చుని మూతి తుడుచుకుంటోంది. గంజి తాగీ తాగీ నాలుక చచ్చిపోయి, సందు చివర ఈరక్క దగ్గరికి జొన్నరొట్టె, ఎర్రకారం తినడానికి వెళ్లిందట!

గుల్జార్ బీ ఆమెను వాటేసుకుని ఏడ్చింది, ఏడుస్తూనే తిట్టింది. "పోతా అంటారా యాడన్నా? సచ్చేటోళ్లు పోతారు! పోయొస్తా అనాల!"

పేమా ఆ మాటను నోట్లోనే ఒకటికి రెండుసార్లు అనుకుని చూసుకుంది. "మా ఊరి నుంచి వచ్చేటప్పుడు మా అమ్మకు నేనేం చెప్పలేదు అక్కా. ఈ మాట తెలిసింటే చెప్పేదాన్ని" అంది. నాకు కళ్లు చెమర్చాయి, దాచేదేముంది.

చలి తగ్గాక వాళ్లంతా బస్సెక్కారు. కిటికీలోంచి పేమా "పోయొస్తా! పోయొస్తా!" అని అరిచిన అరుపుకు బస్టాండంతా తిరిగి చూసింది.

ఎండాకాలంలో మా బావమరిది ఇల్లు వెతుక్కుంటుంటే గుల్జార్ బీని అడిగాను, ఆ ముందుగది ఖాళీయే కదా, ఇస్తావా అని.

"ఖాళీ యాడుండాదప్పా?" అని గయ్యిమంది. "పేమమ్మ పోయొస్తానని చెప్పింది గదా!"