ఉతికిన స్పాంజి

బాబుపేట్‌లో బట్టలు కుట్టే మల్లేశం దగ్గి దగ్గి చనిపోయాడు. బీడీలే కారణమన్నాడు డాక్టరు. ఆయన బీడీ ముట్టిందే లేదని భార్య సాయమ్మ ఎంత చెప్పినా ఎవరూ వినలేదు.

తెలంగాణ వేరుపడిన ఏడాది, గాలిలోని విషాలను పరిశోధించే అనంతరావు ఆమె డాబా మీద తెల్లటి స్పాంజి బిళ్లను వేలాడదీశాడు. గాలిలో ఏముందో అది పట్టిస్తుందన్నాడు. భర్త చావుకు గాలే కారణమనే సాక్ష్యం దొరుకుతుందని సాయమ్మ దాన్ని కోతుల నుంచి కాపాడింది.

మూడు నెలల తర్వాత ఆయన వచ్చేసరికి స్పాంజి తెల్లగానే ఉంది.

“ఇది నేను పెట్టిందేనా, సాయమ్మా?”

“గదే సారూ. మసి పట్టింది. ఒకరి సామాను మురికిగ ఎట్లిస్తం? పొద్దుగాల సబ్బుతోని ఉతికిన.”

“ఆ మసే నాకు కావాల్సింది. ఇంకోటి పెట్టడానికి లేదు, ప్రాజెక్టు అయిపోయింది.”

కడగకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సాయమ్మ మోరీ వైపు చూసింది. నల్లనీళ్లు పారిన చోటు అప్పటికే ఎండిపోయింది.