లేచి నిలబడి ‘యెస్ మేడమ్’ అన్న!

కరోనాతో విమానాలు బందైన రోజులవి. నేను దుబాయ్ దిక్కు ఖోర్ ఫక్కాన్‌ల ఒక హోటల్ గేటు కాడ సెక్యూరిటీ గార్డుని. వచ్చిపోయేటోళ్లకు సర్, మేడమ్ అనుడే నా కొలువు. ఇంటికి పోయే దారి లేక నా పెండ్లిచూపులు వీడియో కాల్‌ల పెట్టిండ్రు.

రూమ్మేట్ చొక్కా అడిగి తొడుక్కొని కూసున్న. ఫోన్‌ల పిల్ల తండ్రి కనపడంగనే లేచి నిలబడి, ‘గుడ్ ఈవినింగ్ సర్, వెల్‌కమ్!’ అన్న. పిల్ల ఇంట్ల కూసున్న మా బాపు ‘అరే, మామా అనురా!’ అని అరిచిండు. నేను కూసున్ననో లేదో పిల్ల వచ్చి ‘మంచిగున్నరా?’ అని అడిగింది. మల్ల లేచి నిలబడ్డ, నా చెయ్యి దానంతటదే సెల్యూట్‌కు లేచింది.

‘యెస్ మేడమ్!’

అటు ఇల్లంతా ఒకటే నవ్వు. సంబంధం ఖలాస్ అనుకొని, సిగ్గుతో ఫోన్ కట్ చేసిన. పది నిమిషాలకు బాపు ఫోన్ చేసి, ‘పిల్ల ఒప్పుకున్నదిరా!’ అన్నడు. నేను ఎగిరి గంతేసిన!

పెండ్లయినంక అడిగిన, నన్నెట్ల ఒప్పుకున్నవని.

‘పదేండ్లసంది బీడీలు చేస్తున్న. కార్ఖానల అందరు ఏ పిల్లా అని పిలిచేటోళ్లే. లేచి నిలబడి మేడమ్ అన్నది నువ్వొక్కనివే’ అన్నది.

ఇప్పటికీ గేటు కాడ రోజంతా ఆ మాట అంటనే ఉంట. కాని ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం లేచి నిలబడి అంట.