అయోవా నాయనమ్మ

నేపర్‌విల్ వెళ్లే రైల్లో నా పక్కన ఒక అమెరికన్ పెద్దావిడ కూర్చుంది. ఒళ్లో పాత రికార్డుల జిరాక్సులున్నాయి. అవేమిటని అడిగాను.

"మాది అయోవా రాష్ట్రంలో పల్లెటూరు. నాన్న పసితనంలోనే నాయనమ్మ పోయిందని, పుట్టుకలూ చావులూ రాసుకునే మా ఇంటి బైబిల్‌లో రాశారు," అంది. "అది అబద్ధమని ఈ కాగితాలు చూశాకే తెలిసింది. మతి చలించిందని, దిక్కులేనివాళ్లని ఉంచే సర్కారు ఆశ్రమం, కౌంటీ హోమ్‌లో చేర్పించారు. చెప్పుకోవడం నామోషీ అనుకున్నారు. నాకు పదకొండేళ్లు వచ్చేదాకా బతికే ఉంది."

"మీరు ఎప్పుడూ చూడలేదా?" అన్నాను.

"ప్రతి క్రిస్మస్‌కీ స్కూలు పిల్లలం అక్కడికే వెళ్లి పాటలు పాడేవాళ్లం. ఒకసారి ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. భయమేసి లాక్కున్నాను. ఆవిడేనో కాదో ఇప్పుడెవరు చెబుతారు?"

ఇంతలో స్టేషన్ వస్తే దిగిపోయాను.

ఇంటికి చేరాక గానీ తట్టలేదు, ఆ నాయనమ్మ పేరేమిటని నేను అడగనైనా లేదని. ఇప్పటికీ అదే బాధ.