కొండకూ ఒక వాటా

ఇంజనీరు సారు పోయారన్న కబురు నాకు నల్లా దగ్గరే తెలిసింది. బిందె నిండుతూ ఉంది. బోరింగులు బాగుచేసే మెకానిక్ బండి ఆపి, "అవ్వా, మన సారు లేడు. ఖమ్మం దవాఖానాల పానం పోయిందట" అన్నాడు. ఏ సారు అని అడగలేదు. మా గూడేనికి సారు అంటే ఆయన ఒక్కరే. బిందె నిండి పొర్లిపోతున్నా నా చెయ్యి నల్లా మీదికి పోలేదు. ఆయన చూసి ఉంటే కేకలేసేవారు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఇది కాగితం మీదికి ఎక్కుతోంది. ఏడవడానికి చెప్పడం లేదు. కొండ మీద మా ట్యాంకుకు ఆయన పెట్టించిన సన్న పైపు ఒకటుంది. అందులోంచి కాసిని నీళ్లు పగలూ రాత్రీ వాగులోకి పోతుంటాయి. ఆయన పోయి నెల కూడా కాలేదు, నీళ్లు వృథా అవుతున్నాయి, దానికి బిరడా కొట్టాలి అని పంచాయతీలో మాట మొదలైంది. ఆ పైపు ఎందుకుందో తెలిసినవాళ్లం తగ్గిపోతున్నాం. అందుకని చెబుతున్నాను.

మా గూడెం జూలూరుపాడు దాటి అడవిలోకి పోయే దారిలో ఉంటుంది. పైన కొండలో ఊట, ఎండాకాలంలోనూ ఎండదు. ఆ రాళ్లెక్కి బిందెలు మోసి మోసి ఆడవాళ్లకు మెడలు పట్టేసేవి. ఊట నీళ్లను పైపుల్లో కిందికి దించే పథకం వచ్చినప్పుడు, సర్కారు వాటాతో పాటు ఊరి వాటా కూడా కట్టాలన్నారు. మా దగ్గర డబ్బెక్కడిది?

"రెక్కలున్నయి గద అవ్వా. పైపుల కాలువ మీరే తవ్వండ్రి, అదే మీ వాటా అని రాయిస్త" అన్నారు సారు.

తవ్వాం, ఇంటికొక మనిషి చొప్పున. గడ్డపార రాయికి తగిలి నిప్పులు రాలుతుంటే ఆయనా తల మీద తువ్వాలు వేసుకుని ఎండలోనే నిలబడ్డారు. కొండ ఎక్కేముందు చెప్పులు విడిచేవారు. విడవమని మేము చెప్పలేదు. మేము విడవడం చూసి విడిచారు.

నీళ్లొచ్చాయి. పై వరస ఇళ్లకు వచ్చాయి. కింది వరసలో చిట్టచివరి నల్లా నా ఇంటి ముందుది, దానికి చుక్క లేదు. పై వరసవాళ్లు నల్లాలు తిప్పి కట్టేసేవారు కాదు, నీళ్లు ఊరికే పారుతూనే ఉండేవి. సారు వచ్చి తిట్టి, పై వరసకు మీట నొక్కితేనే నీళ్లు పడే నల్లాలు బిగించి పోయారు. మళ్లీ వచ్చి చూస్తే ప్రతి మీటనూ నొక్కిపట్టి అడవితీగ నారతో కట్టేసి ఉంది.

మంచివాడని ఊరికే అనను, ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది. "ఏందిది? సర్కారు పైసలు బురదల కలుపుతుండ్రా? కింది వరసకు నీళ్లు పోకుంటే మిగిలిన పైసలు రావు. పని గీడనే ఆగుద్ది!" అని అరిచారు.

పై వరసలో ఉండే మా పెద్ద బావ చేతికర్ర ఊని నిలబడి, "పారే ఊటను ఆపొద్దు సారూ. దాని గొంతు పిసికినట్టైతది" అన్నాడు.

"మరి నా గొంతు ఎండుతుంటే కనవడ్తలేదా బావా?" అన్నాను. అందరూ నవ్వారు, బావ కూడా. కానీ బావ మాట తప్పని నేనూ అనలేను. మా తాతల కాలం నుంచి ఆ ఊటకు అడ్డుకట్ట వేసిన మనిషి లేడు.

సారు నవ్వలేదు. రాయి మీద కూర్చున్నారు. కొండ వైపు చూసి అడిగారు.

"ఊట ఆగొద్దు. గంతేనా?"

"గంతే" అన్నాడు బావ.

"పైన అది పారుతనే ఉంటే, కింద నారలు విప్పి నల్లాలు కట్టేస్తరా?"

"పైన పారినంక మాకేంది సారూ? కట్టేస్తం."

"గీ ముక్క నేను ముందుగాల అడగకపోతిని" అని తల కొట్టుకున్నారు. అంత చదివిన మనిషి మా నమ్మకాన్ని మూఢనమ్మకం అనలేదు. దాన్ని కూడా తన కొలతల్లో కలుపుకున్నారు.

ట్యాంకుకు సన్న పైపు పెట్టాలని కాగితం రాసుకుని, భద్రాచలం ఆఫీసుకు నన్నూ తీసుకుపోయారు. అక్కడి పెద్ద ఆఫీసరు కాగితం చూసి, "తాగే నీళ్లు వాగులోకి వదిలే పైపుకు ప్రభుత్వం డబ్బెట్లా ఇస్తుందయ్యా?" అన్నాడు. సారు ఎంత చెప్పినా తల అడ్డంగానే ఊగింది. అప్పుడు సారు నా వైపు తిరిగి, "అవ్వా, నువ్వు చెప్పు" అన్నారు. ఆఫీసులో నన్ను మాట్లాడమన్న మనిషి అంతకు ముందు లేడు, తర్వాతా లేడు.

"సర్కారు వాటా అన్నరు, ఇచ్చిండ్రు. ఊరి వాటా అన్నరు, తవ్వినం. నీళ్లు ఎవరివి దొరా? కొండవి గద. దాని వాటా ఏ కాగితంల రాసిండ్రు?"

ఆఫీసరు కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "ఈమెను ఎందుకు తెచ్చావయ్యా?" అని సారును కసురుకున్నాడు. సంతకం మాత్రం పెట్టాడు.

బయట టీ తాగుతూ సారు, "నువ్వు ఇంజనీరువైతే నేను మా బోనకల్ పోయి గొర్లు కాసుకుందును అవ్వా" అన్నారు.

"గింత జల్దీ కోపమొస్తే గొర్లు నీ మాట వింటయా సారూ?" అన్నాను.

సన్న పైపు పెట్టారు. నీళ్లు పాత దారిలో వాగులోకి పడటం చూశాక, పై వరసవాళ్లు తమ చేతులతోనే నారలు విప్పారు. రెండో పూటకల్లా నా నల్లా దగ్గింది, బుస కొట్టింది, ఎర్రమట్టి కక్కింది, ఆ తర్వాత తేటగా పోసింది.

బదిలీ అయినా, కొలువు దిగిపోయినా, సారు ఇటువైపు వస్తే గూడెంలోకి రాకుండా పోలేదు. వచ్చీ రాగానే, "ముందు చివరి నల్లా చూపియ్యండ్రి. ఆడ వస్తే అంతట వచ్చినట్టే" అనేవారు. నా గడప ముందు వంగి దోసిలితో తాగి, మూతి తుడుచుకున్నాకే మంచీ చెడూ అడిగేవారు.

ఇప్పుడు బిరడా కొడతామంటున్న వాళ్లకు ఒక్కటే చెబుతున్నాను. ఆ పైపు మూసిన రోజు పై వరస మళ్లీ నార పేనుతుంది. కింది వరస మళ్లీ బిందె ఎత్తుకుని కొండెక్కుతుంది. కొండ వాటా ఆగితే మా వాటా ఆగుతుంది. సారు లేరు కదా అనుకోవద్దు. ఆ ఆఫీసుకు దారి నాకు తెలుసు.

మొన్న పొద్దున మెల్లగా కొండెక్కాను. ఆయన చెప్పులు విడిచే రాయి దగ్గరే నావీ విడిచాను. పైపులోంచి నీళ్లు సన్నగా జారుతున్నాయి. ఒక దోసిలి తాగి, ఒక దోసిలి ఆయన పేరున వాగులో వదిలాను. దిగి వచ్చేసరికి నా ఇంటి ముందు ఎవరో బిందె నింపుకుని, నల్లాను గట్టిగా తిప్పి కట్టేసి పోయారు. దాని మూతికి ఒక్క చుక్క వేలాడుతూ ఉంది.