చెమట పట్టిన రంజను

మేడ్చల్ బళ్లో సైన్సు చెప్పే మన్నాన్ సాబు పుట్టింది శామీర్‌పేటలో, రైతు ఇంట్లో. ఇంట్లో దక్కనీ, పొలంలో తెలుగు. బళ్లో మాత్రం పుస్తకాల ఉర్దూ. నిజాం రాజ్యంలో చదువంటే అదే. ఆ పుస్తకాల్లోని అరబ్బీ మాటలు ఆయన తల్లి షహర్ బానుకే అర్థం కావు, ఇక కాపుల, గొల్లల పిల్లలకేం తెలుస్తాయి? తలలూపుతూ వల్లె వేసేవాళ్లు, అంతే. ప్రయోగాలకిచ్చిన గాజు సామానంతా అల్మారాలో ఉండేది. పగిలితే తన మీదికొస్తుందని హెడ్‌మాస్టరు తాళంచెవి మొలకు కట్టుకొని తిరిగేవాడు.

ఆ ఎండాకాలం 'తబ్ఖీర్' పాఠం వచ్చింది. నీళ్లు ఆవిరై పోవడమన్నమాట. ఒక్కడికీ ఎక్కలేదు. మన్నాన్ విసిగి తలుపేసి, వరండాలో ఉన్న నీళ్ల రంజను లోపలికి తెప్పించాడు. తెలుగులోకి దిగాడు.

"ఏం రా లచ్చన్నా, దీని ఒళ్లు తడిగ ఎందుకుంది?"

"చెమట పట్టింది సాబ్," అన్నాడు లక్ష్మణ్. తరగతి గొల్లుమంది.

"నవ్వకుండ్రి! మరి నీళ్లు సల్లగ ఎందుకున్నయి రా?"

లక్ష్మణ్ కుండ మీద అరచెయ్యి ఆనించాడు. "గాలికి పైతడి ఆరుతాంది సాబ్. ఆరుకుంట లోపలి వేడిని గుంజుకపోతాంది. ఇత్తడి బిందెకు చెమట రాదు, గందుకే అండ్ల నీళ్లు సల్లవడయి."

మన్నాన్ వాడి వీపు చరిచాడు. ఇన్నేళ్లలో మొదటిసారి పాఠం చెప్పినట్టనిపించింది.

కొద్దిరోజులకే బళ్ల ఇన్‌స్పెక్టరు దిగాడు. పై తరగతికి పోయేదెవరో ఆయన ప్రశ్నతోనే తేలేది. తబ్ఖీర్ అంటే ఏమిటని లక్ష్మణ్‌ను లేపాడు.

"రంజను మీద గాలి..."

"ఉర్దూలో చెప్పు!"

వాడు మన్నాన్ మొహం చూశాడు. వాడికి విషయం తెలుసు, ఆ మాటలే లేవు. పక్కనున్న దొరగారి కొడుకు మధుసూదన్ లేచి పుస్తకంలోని నాలుగు వాక్యాలూ ఊపిరి తీయకుండా అప్పజెప్పాడు. "షాబాష్!"

ఇన్‌స్పెక్టరు మన్నాన్ వైపు తిరిగాడు. "ఏం మన్నాన్ మియా, తెలుగులో పాఠాలు చెప్తున్నారా?"

కొలువు పోతే శామీర్‌పేటలో నాగలే గతి.

"లేదు హుజూర్. వానికి పాఠమే రాదు."

లక్ష్మణ్ కూర్చున్నాడు. సెలవుల తర్వాత బడికి రాలేదు. వాడిప్పుడు బాపు బండి తోలుతున్నాడని మధుసూదనే చెప్పాడు, నవ్వుతూ.

మరుసటేడు తబ్ఖీర్‌ను అందరూ వల్లె వేశారు, అందరూ పాసయ్యారు. హెడ్‌మాస్టరు మెచ్చుకున్నాడు. ఓ మధ్యాహ్నం కొత్త పిల్లవాడొకడు వరండాలో నీళ్లు తాగొచ్చి అడిగాడు: "సాబ్, గీ రంజన్ల నీళ్లు గింత సల్లగ ఎట్లయితయి?"

"పుస్తకం తియ్," అన్నాడు మన్నాన్ సాబు.